యాభై నిమిషాల దారి

“యాభై నిమిషాలు మావయ్యా! కలకత్తాలో ఎక్కితే యాభై నిమిషాల్లో జంషెడ్‌పూర్‌లో దిగిపోతాను” అన్నాడు చిన్నారావు.

“ఆ యాభై నిమిషాలూ గాల్లోరా. మరి నేల మీద?” అసిరయ్య వేళ్ళు మడిచాడు. “హౌరా నుంచి దమ్‌దమ్‌కి గంట. సామాను తూయించుకుని కూకోడానికి గంటన్నర. సోనారీలో విమానం దిగి బాగ్‌బేరాలో మనింటికి రావడానికి ఇంకో గంట. ఏటయింది? నాలుగు గంటలు దాటిపోయింది. నా బండి రెండొందల యాభై కిలోమీటర్లు నాలుగ్గంటల్లో లాగేత్తాది. ఇంక నీ విమానం గొప్పేటి?”

అసిరయ్య ఎక్స్‌ప్రెస్ బండి డ్రైవరు. రైల్వేలో లేనివాడికి పిల్లనివ్వనని మొండికేశాడు. మేనల్లుడు చిన్నారావేమో దమ్‌దమ్‌లో విమానాలకు సామాన్లు ఎక్కిస్తాడు. టీ గ్లాసులు పట్టుకొచ్చిన అసిరయ్య కూతురు పద్మకుమారి కదలకుండా నిలబడిపోయింది.

“అయితే పందెం మావయ్యా! సోమారం నీ డూటీ హౌరా నుంచే కదా. ఇద్దరం ఒక్కసారే బయల్దేరదాం. ముందొచ్చి ఈ అరుగెక్కినోడిదే గెలుపు. నాను గెలిత్తే పద్మనిత్తావా?”

“ఇత్తాను. ఓడిపోతే మళ్ళీ ఆ మాటెత్తకూడదు.”

“పక్కా, బాబూజీ?” అంది పద్మకుమారి.

“పక్కా.”

సోమవారం ఉదయం ఎనిమిదింటికి హౌరాలో చిన్నారావు ఇంజను దగ్గరకొచ్చి చెయ్యూపి, జనంలో కలిసిపోయాడు. బండి కదిలింది. ఘాట్‌శిల వచ్చేసరికి ఆకాశం నల్లబడి వాన దంచేసింది. ఈ వానలో ఆ బుల్లి విమానం లేవడం కల్ల అనుకుని అసిరయ్య మీసం దువ్వుకున్నాడు. పద్మ మొహం గుర్తొచ్చి మాత్రం కాస్త బాధేసింది. అయినా పందెం పందెమే.

సరిగ్గా పన్నెండింటికి బండి జంషెడ్‌పూర్ స్టేషను టాటానగర్‌లో ఆగింది. ఒక్క నిమిషం ఆలస్యం లేదు. అసిరయ్య ఇంజనుని షెడ్డులో పెట్టాడు. రిపేర్ల పుస్తకం రాశాడు. ఆఫీసులో సంతకం పెట్టి డ్యూటీ దిగాడు. బాగ్‌బేరా వాళ్ళందరిలాగే యార్డు పట్టాలు అడ్డంగా దాటి ఇంటికొచ్చాడు.

అరుగు మీద చిన్నారావు టీ తాగుతున్నాడు.

“ఏటి మావయ్యా, ఇంతాలీసం?”

అసిరయ్య లోపలి గడియారం చూశాడు. ఒంటిగంట కావస్తోంది. విమానానికి ముందూ వెనకా లెక్కకట్టాడు గానీ, తన బండికీ ఒక వెనక ఉందని ఎప్పుడూ అనుకోలేదు. ముప్పయ్యేళ్ళ సర్వీసులో బండి ప్లాట్‌ఫారం చేరితే వచ్చేసినట్టే.

“ఈ వానలో నీ విమానం ఎలాగొచ్చిందిరా?”

“ఎలాగొత్తే ఏటి? ముందొచ్చినోడిదే గెలుపనుకున్నాం కదా!”

అన్న మాట అన్నదే. “సరే. నువ్వే గెలిసేవు” అన్నాడు అసిరయ్య.

చిన్నారావు ఒక్క దూకుతో వచ్చి కాళ్ళకు దణ్ణం పెట్టాడు. వంగడంలో చొక్కా జేబులోంచి చిన్న అట్టముక్క ఒకటి జారి నేల మీద పడింది. అసిరయ్య కిందికి చూశాడు. గుమ్మంలో నవ్వుతూ ఏడుస్తున్న కూతుర్ని చూశాడు. చటుక్కున ఆ ముక్క మీద బూటు వేసి నొక్కిపట్టాడు.

“ధనమ్మా, పంతులికి కబురెట్టు!” అని పెళ్ళాన్ని కేకేసి, మేనల్లుడి చెవి దగ్గరకు వంగాడు.

“ఒరే అల్లుడూ, ఇంకెప్పుడూ యార్డుకి అడ్డంపడి రాకు. దిగ్గానే గేటుకాడ నా బండి టికెట్టు ఇచ్చీయాల.”