పక్షుల మీద రాస్తానండీ

"టాపిక్ మార్చుకుంటానండీ మేడమ్. కొల్లేరు పక్షుల మీద రాస్తాను," అంది రమ్యశ్రీ.

ఏలూరు కాలేజీలో ఆమె ప్రాజెక్టుకు గైడ్ సరోజ మేడమ్. 'కొల్లేరు ఆక్రమణలు ఎవరివి?' అన్న టాపిక్‌ని పోయిన వారమే ఒప్పుకున్నారు. ఇప్పుడు తల అడ్డంగా ఊపారు.

"కుదరదమ్మా. అసలు ఏమైంది?"

సమాచార హక్కు కింద తెచ్చుకున్న జాబితాను రమ్యశ్రీ బల్ల మీద పెట్టింది. సరస్సును ఆక్రమించి తవ్విన చేపల చెరువులు, వాటి యజమానులు. మొదటి పేజీలో మూడో పేరు వాళ్ళ నాన్నది.

"నాన్న ఆ చెరువు మీద కాపలా ఉంటారండీ, అంతే. చెరువు అసలు ఆసామి ఏదో కాగితం ఇస్తే సంతకం పెట్టేశారట. రాస్తే కేసు నాన్న మీదకే వస్తుంది. ఆయన పేరొకటీ వదిలేస్తే మిగతాదంతా అబద్ధమే. పక్షులైతే ఎవరికీ ఇబ్బంది ఉండదు కదండీ!"

మేడమ్ కళ్ళజోడు పెట్టుకుని జాబితా అంతా తిరగేశారు.

"చదువుకునేటప్పుడు నేనూ ఇలాగే టాపిక్ మార్చుకుని పక్షుల మీద రాశానమ్మా. మంచి మార్కులే వచ్చాయి."

రమ్యశ్రీకి ప్రాణం లేచొచ్చింది. జాబితా తీసుకోబోయింది.

మేడమ్ వదల్లేదు. రెండో పేజీలో ఒక పేరు మీద వేలు పెట్టారు.

"మా నాన్న. పోయి ఆరేళ్ళయింది. చెరువు ఇంకా ఆయన పేరు మీదే ఉంది."