ఆఖరి రీలు

కోరుట్ల బస్టాండులో హేమలత ఒళ్లోంచి ఒక కాగితం ఎగిరిపోయింది.

పక్కన కూర్చున్న పెద్దాయన ఠక్కున దాని మీద చెప్పుకాలు వేశాడు.

"అయ్యో, తొక్కినవేంది బాపూ!"

"తొక్కకుంటే బస్సు కిందికి పోతుండె బిడ్డా." కాగితం దులిపి ఇచ్చాడు. "ఏం రాస్తున్నవ్?"

"సినిమా కథ."

ఆయన దగ్గరికి జరిగాడు. సిరిసిల్ల బస్సు జాడ లేదు. చెప్పక తప్పలేదు హేమలతకు.

నూరేళ్ల కిందట జర్మనీలో తీసిన మూకీ సినిమా. మేఘాల్లో తేలే ఒక నగరం కథ. అట్టముక్కలతో, అద్దాలతో కట్టిన ఆ నగరాన్ని చూస్తే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. కానీ దొరికింది సగమే. ఆఖరి రీళ్లూ, రాసుకున్న స్క్రీన్‌ప్లే కూడా యుద్ధంలో కాలిపోయాయి. హైదరాబాదు ఫిలిం క్లబ్బు వాళ్లు ఆ పోయిన భాగాన్ని కొత్తగా తీసి, పాతదానికి జోడించి చూపించబోతున్నారు. రాసే పని హేమలతది. షూటింగుకు ఒక పాత రైస్‌మిల్లు చూడటానికే ఇవాళ సిరిసిల్ల నుంచి వచ్చింది.

"మాటలు లేకుంటనే అంత కథ చెప్పిన్రా! గొప్పోళ్లే," అన్నాడాయన. "ఇప్పుడు ఏడిదాంక ఉన్నది సినిమా?"

"నగరాన్ని నడిపే యంత్రాలకు నిప్పంటుకుంటది. పనోళ్లందరు లోపలనే ఉంటరు. ఇంజనీరు ఒక్కడే తలుపు తీసుకొని బయటికి ఉరుకుతడు. గక్కడికి రీలు తెగిపోయింది."

"ఇంజనీరే హీరోనా?"

"ఔ. గదే తిప్పలు. హీరో అట్ల ఉరుకుతడా? అందుకే ఉరికింది ఆయన కాదు, ఆయన లెక్కనే ఉన్న మరమనిషి అని రాస్తున్న."

పెద్దాయన తల అడ్డంగా ఊపాడు.

"మరమనిషి ఎందుకు ఉరుకుతది బిడ్డా? దానికి పానం తీపి ఉంటదా?"

హేమలత కలం ఆగింది. ఆ ప్రశ్నకు చిరాకేసింది.

"మంటల్ల మనిషి ముందుగాల ఉరుకుతడు," అన్నాడాయన. "పక్కోడు యాదికి రాడు. నేనుగూడ ఉరికిన."

"నువ్వా?"

"మస్కట్‌ల. మేముండే క్యాంపు కాలింది. సెలవు దినం, పగటీలి అన్నం తిని అందరు పండుకున్నరు. నాకే ముందు మెలకువచ్చింది. ఎవ్వర్ని లేపలే. ఉరికిన."

దాచుకోకుండా, ఎండ ముదిరిందని చెప్పినంత మామూలుగా చెప్పాడు. హేమలత కాగితాలు తన వైపు లాక్కుంది.

"అందుకేనా బాపూ, హీరోను గూడ ఉరికించమంటున్నవ్?"

అనేశాక మాట మొరటుగా ఉందనిపించింది. ఆయన మాత్రం నవ్వాడు.

"ఉరకనియ్యి బిడ్డా. ఉరికినంక ఏడ ఆగిండో, గది చూపియ్యి."

మేడిపల్లి బస్సు వచ్చింది. మోకాళ్లు పట్టుకుని లేచి, ఎక్కి వెళ్లిపోయాడు.

హేమలత మళ్లీ మరమనిషి దగ్గరికి వచ్చింది. ఒక్క వాక్యం కూడా ముందుకు సాగలేదు. లేచి ఎదురుగా ఉన్న చాయ్ బండి దగ్గరికి నడిచింది. బండి నడిపే శంకరవ్వ ఇంకా ఆ బస్సు పోయిన వైపే చూస్తోంది.

"ఎరికున్నాయననా అవ్వా?"

"మా యాదగిరన్న. గంతసేపు ఏం జెప్పిండు నీకు?"

"మస్కట్‌ల క్యాంపు కాలితె, అందర్ని ఇడిశిపెట్టి ఉరికొచ్చిండట." హేమలత గొంతులో ఎగతాళి దాగలేదు. "పాపం, భయస్తుడు లెక్కున్నడు."

చాయ్ వడబోస్తున్న శంకరవ్వ చెయ్యి ఆగిపోయింది.

"గంతవరకే చెప్పిండా?"

"గంతే. ఇంకేమున్నది?"

శంకరవ్వ గిన్నె కింద పెట్టింది.

"ఉరికింది నిజమే బిడ్డా, గేటుదాంక పోయినోడు మళ్ల మంటల్లకు మర్లిపోయి, లోపలున్నోళ్లను ఒక్కొక్కల్ని గుంజుకొచ్చిండు, ఆఖరుకు భుజం మీదేసుకొని తెచ్చింది నా కొడుకునే."