పంటిగాట్లు

"ఇది నా టార్చి కాదు బావా," అన్నాడు బావమరిది, లిఫ్టు గుంటలోకి దిగబోతూ ఆగి.

లిఫ్టులు బాగుచేసే ఆ ఇద్దరికీ రెండు చేతులూ పనిలోనే ఉంటాయి గనక, టార్చిని పళ్ళతో కరిచి పట్టుకోవడం అలవాటు. కొన్నప్పుడు బావ చేతికందింది తీసుకున్నాడు. బావమరిది మాత్రం గంటసేపు కొట్టువాడి ప్రాణం తోడేసి, పదింటిని వెలిగించి చూసి మరీ ఒకటి ఏరుకున్నాడు.

"రెండూ ఒకే రకం కదరా."

"నాకు ముందు పన్ను లేదు. దీని మీద గాట్ల వరస నిండుగా ఉంది. నాది మంచిదని మార్చేశావు."

"మార్చాను," అన్నాడు బావ తాపీగా.

దొంగ దొరికాడనుకుంటూ బావమరిది, బావ జేబులోంచి తన టార్చి లాగి, రెండింటినీ గోడ మీదికి వెలిగించాడు. బావది తెల్లగా వెలిగింది. తను ఏరుకున్నది కాసేపు బాగానే వెలిగి, మెల్లగా మసకబారింది.

"నిన్న చూశాను, చతికిలబడుతోంది. చెబితే నా మీదే విరుచుకుపడతావు. చీకట్లోకి దిగేది నువ్వు కదరా."

బావమరిది ఆ నిండు గాట్ల మీదే పళ్ళు ఆనించి, మంచి టార్చిని కరిచిపట్టుకుని కిందికి దిగాడు. నోట్లో టార్చి ఉంటే జవాబు చెప్పక్కర్లేదు.