వెనక నిలబడేవాడు

శ్రీను మాస్టర్‌తో అబద్ధమాడాడు. అక్కకు ఒంట్లో బాగాలేదట, అహేరి పోయి చూసొస్తాడట. అక్కను చూడ్డానికి ఇస్త్రీ చొక్కా ఎందుకో, క్లారినెట్ పెట్టె ఎందుకో మాత్రం చెప్పలేదు.

సిరొంచ బస్టాండు ముందు చాయ్ తాగుతున్న ఇనాయతుల్లా మాస్టర్‌కు ఆ పెట్టె బస్సు కిటికీలోంచి కనిపించింది. చాయ్ సగంలోనే వదిలేశాడు.

అనుమానం ఇవాళ్టిది కాదు. కొన్నాళ్లుగా ఫోను మోగితే చాలు, శ్రీను పక్కకు పోయి గుసగుసలాడుతున్నాడు. సాయంత్రాలు ప్రాణహిత ఒడ్డున ఒక్కడే కూర్చుని ఊదుతున్నాడు. మొన్న కొత్తగా ఫొటో కూడా దిగాడట.

గుట్టు విప్పింది బ్యాండులో డ్రమ్ము వాయించే నర్సన్న.

"అహేరిల కళాకారుల సంఘం ఉంది గద మాస్టర్. అండ్ల చేరుతుండు. ఆ కార్డుంటే నాగపూర్ల రికార్డింగులకు పిలుస్తరంట. ఇగ మన బ్యాండుల ఏముంటడు?"

మాస్టర్ గుండెల్లో రాయి పడింది.

ఇనాయతుల్లా బ్యాండంటే భామ్రాగడ్ దాకా పేరు. పెళ్లి బారాత్ ముందు మాస్టర్ క్లారినెట్, సరిగ్గా ఆయన భుజం వెనక శ్రీను క్లారినెట్. మిగతావాళ్లు ఎటు జరిగినా ఫర్వాలేదు, శ్రీను అంగుళం జరిగితే మాస్టర్ కళ్లెర్రజేస్తాడు. పోయిన ఎండాకాలం శ్రీనుకు జ్వరమొస్తే కమలాపూర్ పెళ్లినే వదులుకున్నాడు. శిష్యుడంటే ఎంత ప్రాణమో అని ఊరంతా చెప్పుకుంది.

అంత ప్రాణంగా చూసుకుంటే చేసేది ఇదా?

మాస్టర్ ఇంటికి వెళ్లి తన క్లారినెట్ చంకన పెట్టుకున్నాడు. సంఘం వాళ్ల ముందుకు ఉత్త చేతులతో పోతే మర్యాదేముంది!

"ఎటు పోతున్నరు జీ?" అంది భార్య లతీఫా.

"అహేరి సంఘం కాడికి. ఆ పోరడు ఎల్లిపోతే మన గతేంది? నీకెర్కలేదా?"

లతీఫాకు ఎరుకే. "మెట్లెక్కేటప్పుడు జర పైలం" అని మాత్రం అంది.

తర్వాతి బస్సుకు ఆయనా అహేరిలో దిగాడు. సంఘం హాలు మేడ మీద. మెట్లెక్కేసరికి ఛాతీ ఎగిసిపడుతోంది. గోడ పట్టుకుని నిలబడి, ఆయాసం కాస్త తగ్గాక లోపలికి అడుగుపెట్టాడు.

అనుమానం నిజమే. శ్రీను క్లారినెట్ పెట్టె తెరిచి, అధ్యక్షురాలు రాజుబాయి ముందు నిలబడి ఉన్నాడు. మాస్టర్‌ను చూసి అతని మొహం పాలిపోయింది.

రాజుబాయి ఒకప్పుడు ఊరూరా తిరిగి పాడిన మనిషి. ఎదురొచ్చింది.

"రాండ్రి మాస్టర్, మంచి టైముకు వచ్చిన్రు. నేర్పిన మాస్టర్ మాట లేనిది కొత్తోళ్లకు కార్డియ్యం, అదే మా రివాజు. మీరే చెప్పుండ్రి, ఈ పిలగాడు ఒంటిగ ఊదగలడా?"

మాస్టర్ శ్రీను వైపు చూడలేదు.

"ఊదలేడు. నా వెనక ఉంటెనే వానికి పాట. ఒంటిగ నిలబెడితే గాలి తప్ప ఏం రాదు."

శ్రీను ఏదో అనబోయాడు. ఇంకా రొప్పుతున్న మాస్టర్‌ను చూసి నోరు మూసుకున్నాడు. పెట్టె కూడా మూసేశాడు.

"మాస్టర్ మాటంటే మాటే" అంది రాజుబాయి. "ఈసారికి లేదు బిడ్డా."

మాస్టర్ మనసు కుదుటపడింది. ఇక శ్రీను ఎటూ పోడు.

"ఇంత దూరం వచ్చిన్రు. ఒక్క పాట వినిపియ్యకుంట పోనిస్తమా?" అంది రాజుబాయి. హాలంతా చప్పట్లు.

"ఒంట్ల మంచిగ లేదు..."

"గట్లంటే ఎట్ల? క్లారినెట్ చంకల్నే ఉండె!"

నలుగురూ నవ్వుతూ ఆయన్ని ముందుకు తీసుకెళ్లి నిలబెట్టారు. మాస్టర్ క్లారినెట్ పెదాలకు ఆనించాడు. వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు. అల్లంత దూరాన, తలుపు దగ్గర శ్రీను చెప్పులు తొడుక్కుంటున్నాడు.

ఇద్దరి చూపులూ కలిశాయి.

శ్రీను చెప్పులు విడిచాడు. పెట్టె తెరిచి క్లారినెట్ తీసుకుని, వచ్చి మాస్టర్ భుజం వెనక తన చోట్లో నిలబడ్డాడు.

"కానియ్యుండ్రి మాస్టర్" అన్నాడు మెల్లగా.

మాస్టర్ వేళ్లు కదిలాయి. ఊపిరితిత్తులు చెడిపోయిన ఈ మూడేళ్లుగా ప్రతి బారాత్‌లోనూ వస్తున్నట్టే, పాట శ్రీను క్లారినెట్‌లోంచి వచ్చింది.