సర్వర్ గదికి గోడ అవతల

ఆదివారం పొద్దున్నే పెరుగు దగ్గర తగువు మొదలైంది.

"మూడు నెలల సంది ఇదే వరుస, ఊర్మిళా. నోట్ల పెట్టుకుంటే పండ్లు జివ్వుమంటున్నయి" అని రవీందర్ గిన్నె పక్కకు నెట్టాడు.

"పులిస్తే మజ్జిగచారు పెడత. దీనికి పంచాయితీ ఎందుకు?" అన్నది ఊర్మిళ.

అసలు రవీందర్ పరేషాన్ పెరుగు కాదు. సోమవారం జరగబోయే తనిఖీ. మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేటల్లో ఆయనకు మూడు రైస్ మిల్లులున్నాయి. మర పట్టి ఇమ్మని సర్కారు ఇచ్చిన వడ్లలో యాభై లారీలు చప్పుడు కాకుండా బయటివాళ్లకు అమ్ముడుపోయాయి. ఏ లారీ ఏ రోజు ఎంత తూగిందో, ఎటు వెళ్లిందో, ఆ వివరమంతా కోదాడలోని ఆయన ఇంటి ముందుగదిలో, సర్వర్‌లో భద్రంగా ఉంది.

నిరుడు హైదరాబాదు నుంచి సలహాదారులు ఇద్దరు వచ్చి, గోడ మీద రంగురంగుల బొమ్మలు చూపించారు. ఇంత పెద్ద వ్యాపారానికి ఇంట్లో సర్వర్ ఏమిటి, అంతా క్లౌడ్‌కు మార్చండి, ఎక్కడో దూరాన పెద్ద పెద్ద కంప్యూటర్లలో ఉంటుంది, ఎక్కడినుంచైనా చూసుకోవచ్చు అన్నారు. రవీందర్ వాళ్లకు బిర్యానీ పెట్టించి పంపేశాడు. మన వడ్లు మన గోదాములో ఉండాలి, మన సంగతులు మన ఇంట్లో ఉండాలి అన్నది ఆయన సిద్ధాంతం. దసరాకు సర్వర్‌కు పసుపు కుంకుమ పెట్టి గుమ్మడికాయ కొట్టేవాడు. పడకగదిలో లేని ఏసీ దానికి రాత్రింబగళ్లు ఆడేది. ఆ చలికి గోడ అవతలి వంటింట్లో పెరుగు తోడుకోవడం లేదని ఊర్మిళ ఏళ్ల తరబడి సణిగింది. మిల్లుల్లో ఆమె సగం భాగస్వామి. అంటే వేలు పెట్టి చూపిన చోట సంతకం పెట్టే మనిషి అని ఆయన అర్థం.

ఆ మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ మునగాలలో పెళ్లికి వెళ్లారు. భోజనాల వేళ రవీందర్ మెల్లగా జారుకుని ఇంటికొచ్చాడు. సర్వర్‌నూ, ఇంటి కెమెరాల రికార్డులుండే పెట్టెనూ ఊడబీకి కారులో వేసుకున్నాడు. గదిలోంచి బయటపడేసరికి చొక్కా చెమటతో తడిసిపోయింది. మొదటిసారి దొంగతనం కదా, భయం సహజమే అనుకున్నాడు. యాభై లారీలు ఆయనకు గుర్తురాలేదు. రెండింటినీ సాగర్ కాలువలో పడేసి, పెళ్లిలో ఆఖరి పంక్తికి పెరుగు వడ్డించే వేళకు వచ్చి కూర్చున్నాడు.

సాయంత్రానికి దొంగ కూడా సిద్ధమయ్యాడు. పన్నెండేళ్లుగా ఆ సర్వర్‌ను చూసుకుంటున్న సాంసన్. గది రెండో తాళంచెవి ఆయన దగ్గరే ఉంటుంది. కబురు పెడితే చర్చి నుంచి తిన్నగా, చేతిలో బైబిల్‌తోనే వచ్చాడు.

"నాకు తెల్వదు సార్. సండే స్కూల్ పిల్లలకు పాఠం చెప్పేటోణ్ని. దొంగ అంటే రేపు సంఘంల మొఖమెట్ల సూపియ్యాలె? అయినా సార్, అసలు అండ్ల…"

"సాంసన్, నువ్ ఇంటికి పో" అన్నది ఊర్మిళ వంటింటి గుమ్మంలోంచి. సాంసన్ ఆమె వైపు ఒకసారి చూసి వెళ్లిపోయాడు.

రాత్రి అందరూ కంచాల ముందు కూర్చున్నాక రవీందర్ తన నిర్ణయం చెప్పాడు.

"తెల్లారంగనే సాంసన్ మీద కేసు పెడుతున్న. తనిఖీకొచ్చే సార్లకు గూడ అదే చెప్త. సర్వరే పోయినంక ఏం సూపిస్తం? ఖతం."

కూతురు శ్రీజ తినడం ఆపి తల్లి వైపు చూసింది. ఊర్మిళ భర్త కంచంలో పెరుగు వేసింది.

"కేసు పెట్టకున్రి. సగం భాగస్వామిని గదా, క్లౌడ్ కాగితాల మీద సంతకం నేనే చేసిన. సర్వర్‌ల ఉన్నదంతా మూడు నెలల కిందనే సాంసన్ క్లౌడ్‌లకు ఎక్కించిండు. ఉత్త డబ్బాకు చల్లగాలి ఎందుకని ఏసీ బంద్ చేసిన, పెరుగు పులుస్తున్నది గందుకే."

గరిటె గిన్నెలో పెట్టి, అంతే నెమ్మదిగా అన్నది:

"కెమెరాలు గూడ దానికే కలిపినం. మధ్యాహ్నం పంక్తిల మీరు కనపడకపోతే, ఇంటికాడ ఉన్నరేమోనని ఫోన్ల సూసిన. సర్వర్ మోసుకపోతున్నరు."