పూస తీసిన గొంతు

ఇప్పుడు అందరి మెడలోనూ సవరింపు పూస ఉంటోంది. మాటలోని వణుకునీ ఏడుపునీ తీసేసి, గొంతును ఉల్లాసంగా వినిపిస్తుంది. మనోవ్యాధితో బతకడం గురించి సభల్లో చెప్పబోయే వాలంటీర్లకు పూస లేకుండా మాట్లాడటం నేర్పుతాను. సొంత గొంతు వినగానే ప్రతివాళ్ళూ "క్షమించండి" అంటారు. అది మాన్పించడమే మొదటి పాఠం.

నిన్న కాకినాడ గ్రంథాలయంలో రిహార్సల్. వాలంటీరు హైమవతిని మాన్పించి తీసుకుపోదామని భర్త సూరిబాబు వచ్చాడు.

"ఊరందరికీ చెప్పుకునే విషయమటండీ ఇది?" అన్నాడు నాతో.

హైమవతి పూస తీసింది. క్షమాపణ అడగబోయి ఆగింది.

"పొద్దున్నే లేవాలంటే భయమేసేది. చచ్చిపోవాలనిపించేది," అంది బొంగురు గొంతుతో.

సూరిబాబు ముఖం పాలిపోయింది. "నాకెప్పుడూ చెప్పలేదేమే?"

"చెప్పాను, పూస మెడలో ఉండగా. 'నీ వేళాకోళం పాడుగానూ' అని నవ్వారు."

అతను కుర్చీ ఆమె దగ్గరికి జరుపుకున్నాడు. "మళ్ళీ చెప్పు. వింటాను."

ఆమె మళ్ళీ చెప్పింది. వాళ్ళకి ఆ అవకాశం దక్కింది.

ఇంటికొచ్చి, పోయిన మా ఆవిడ విశాలాక్షి రికార్డులు పెట్టుకున్నాను. అన్నీ పూసతో మాట్లాడినవే. ఎన్నిసార్లు విన్నా, ఆవిడ సంతోషంగానే ఉంది.