అత్తగారి గదికి వేడి

"ఇదా నా గది? చేపలు నిలవ పెట్టుకోవడానికి బాగుంటుంది," అంది అత్తగారు క్లావ్దియా గుమ్మంలోనే నిలబడి.

రష్యాలోని చెల్యాబిన్‌స్క్‌లో ఆ రోజు ముక్కు కొన ఊడిపోయేంత చలి. బాల్కనీకి అద్దాలు బిగించి గదిలా చేశారు గానీ, చలికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. అత్తగారు పైకోటు విప్పలేదు. బొచ్చుటోపీ తియ్యలేదు.

"సాయంత్రానికి వెచ్చబడుతుందత్తయ్యా. హాల్లో వేడినీళ్ల రేడియేటర్ నుంచి ఇక్కడికి గొట్టం పొడిగిస్తున్నాను," అన్నాడు వెన్యమిన్.

"నువ్వా?"

పెళ్లయిన నాటి నుంచి అల్లుడి మీద ఆవిడకున్న అభిప్రాయమంతా ఆ ఒక్క మాటలో ఉంది. వెన్యమిన్ బడిలో అకార్డియన్ నేర్పుతాడు. పోయిన మావగారు స్తెపాన్ ఉక్కు కార్ఖానాలో ఫిట్టరు. అల్లుడు మేకు వంకరగా కొడితే చాలు, ఆవిడ స్తెపాన్ పేరెత్తి నిట్టూర్చేది.

తమారా మొగుణ్ణి వంటింట్లోకి లాక్కెళ్లింది.

"ప్లంబర్ని పిలుద్దాం వెన్యా. అక్కడ చలేస్తే అమ్మ మన మంచం ఎక్కుతుంది. నువ్వు ఈ బల్ల కింద పడుకోవాలి."

"బల్ల కిందైనా పడుకుంటాను గానీ ప్లంబర్ని పిలవను," అన్నాడు వెన్యమిన్.

పని మొదలెట్టాడు. గొట్టాన్ని వంకర లేకుండా కోశాడు. అంచుల గరుకుని ఆకురాయితో నున్నగా రుద్దాడు. గొట్టం చివరి మరల మీద జనపనార చుట్టి, రెండు గొట్టాల్ని కలిపే కప్లింగ్ ఎక్కించి, శ్రుతి సరిచేసేవాడిలా చెవి ఆనించి మరీ రెంచీతో బిగించాడు. గోడ మూల దాకా ఒక గొట్టం, కప్లింగ్. గడప పక్క నుంచి ఇంకొకటి, మళ్లీ కప్లింగ్. చివర బాల్కనీలో కొత్త రేడియేటర్.

"అయింది!" అని సాయంత్రం కేక పెట్టాడు.

తమారా నేల మీద పాకుతూ ప్రతి కప్లింగ్‌నీ గుడ్డతో తుడిచి చూసింది. గుడ్డ తడవలేదు.

"ఒక్క చుక్క కారడం లేదే! మన పాత గొట్టాలు ఎప్పుడూ గుడగుడమంటాయి. ఇది కిక్కురుమనడం లేదు!"

వెన్యమిన్ రేడియేటర్ మీద చెయ్యి వేశాడు. వేళ్లు మొద్దుబారిపోయి ఉన్నాయి. అయినా గోరువెచ్చగానే తోచింది.

క్లావ్దియా వచ్చి దాని పక్కన కూర్చుంది. మొగుడూ పెళ్లాలిద్దరూ ఊపిరి బిగబట్టి చూశారు.

"మోకాళ్లకి వేడి తగులుతోంది," అంది. టోపీ తీసింది.

తమారా పొయ్యిలోంచి క్యాబేజీ కజ్జికాయలు తెచ్చింది. టీ వచ్చింది. అత్తగారు కోటు విప్పింది.

అంతలో తలుపు దబదబ మోగింది. కింది ఇంటి రోస్తిస్లావ్, ఒంటి నిండా దుప్పటితో.

"నా వేడి లాగేస్తున్నారు! మీరు గొట్టం పెట్టిన దగ్గర్నుంచి నా ఇల్లు ఐసుగడ్డ! ఫిర్యాదు చేస్తాను!"

"చేద్దువుగానిలే నాయనా. ముందిలా వచ్చి కాచుకో," అంది క్లావ్దియా.

అతను గొణుక్కుంటూ వచ్చి రేడియేటర్‌కి వీపు ఆనించాడు. కాసేపు కళ్లు మూసుకున్నాడు.

"ఇదిగో, ఇది నా వేడే. గుర్తుపట్టాను," అన్నాడు. దుప్పటి జారవిడిచాడు. కజ్జికాయ అందుకున్నాడు.

వెన్యమిన్ అకార్డియన్ తీశాడు. రోస్తిస్లావ్ పాట ఎత్తుకున్నాడు. అత్తగారు బుగ్గలు ఎర్రబడి, పేపరుతో విసురుకుంటూ, ఉక్కపోత భరించలేక కిటికీ తీయించింది.

"అల్లుడూ, ఒక మాట చెప్పనా," అంది. అకార్డియన్ ఆగింది. "మా స్తెపాన్ చేసినా ఇంత బాగా చేసేవాడు కాదు."

వెన్యమిన్ అకార్డియన్ పక్కన పెట్టాడు. తమారా కొంగులేని గౌను అంచుతోనే కళ్లొత్తుకుంది.

"కానీ మనిషిని ఇలా ఉడకబెడితే ఎలాగయ్యా? కాస్త తగ్గించు."

"ఇప్పుడే అత్తయ్యా!"

వెన్యమిన్ ఛాతీ విరుచుకుని హాల్లోకి వెళ్లాడు. గోడ పక్కన వంగి, వేడి తగ్గిద్దామని, కొత్త గొట్టంలోకి వేడినీళ్లు వదిలే వాల్వు మీద చెయ్యి వేశాడు.

పొద్దున గొట్టం కోయబోయే ముందు తానే గట్టిగా కట్టేసిన వాల్వు, ఇంకా అలాగే కట్టేసి ఉంది.